విషము తిన్న కాపలాకుక్క

దుక్కియెద్దును గూర్చియు పాడిగేదెను గూర్చియు వ్రాయుటకు ఈ పత్రికలో ఎన్నడును చోటు కొఱవడలేదు. కాపలాకుక్కను గూర్చి వ్రాయుమని మాత్రము సభ్యులెవ్వరును మమ్ము కోరలేదు. దానిపేర సంఘములో వాటా లేదు. దానిని చూపి అప్పు తెచ్చుకొనుటకు వీలులేదు. అది చచ్చినచో నష్టపరిహారమునకై వచ్చువారును లేరు. అయినను కళ్ళములో ధాన్యపురాశిని తెల్లవార్లు కనిపెట్టుకొనియుండునది అది. మంచెక్రింద పడుకొని అడవిపంది అలికిడికి మొదట మేలుకొనునదియు అది. అట్టి ప్రాణి, మన చేలో మన చేతులతోనే పెట్టిన మందును తిని, మన వాకిటనే గిలగిల కొట్టుకొనుట యెలుకల మందు పెట్టు దినములలో పల్లెలయందు క్రొత్త సంగతి కాదు.

అప్పుడు ఇంటిల్లిపాదియు తొందరపడుదురు. ఒకరు ఉప్పునీళ్ళు తెత్తురు, ఒకరు చింతపండు పిసుకుదురు, వేఱొకరు చల్లకుండ ఎత్తుకొని వత్తురు, పెద్దవారు ఆముదము పోయుడందురు. అందఱిదియు మంచి మనస్సే. కాని విషము చేసిన కీడుకంటె ఈ విఱుగుళ్ళు చేయు కీడు ఒక్కొక్కప్పుడు పెద్దదగుచున్నది. ఏమి తిన్నదో తెలియక చేయు చికిత్స చీకటిలో రాయి విసరుట వంటిది. కావున మొదట మన పొలములలోని విషములను వేఱుపఱచి చెప్పి, పిదప బ్రదికి బయటపడిన కుక్కను ఎట్లు కాపాడుకొనవలయునో వ్రాయదలచితిమి. ఈ రెండవ భాగమే మాకు మిక్కిలి ముఖ్యముగా తోచినది. ఏలయన, కుక్క లేచి తోక యాడించినతోడనే బాగుపడినదని నమ్మి వదలివేయుట మనకు అలవాటు.

వరిచేలలో యెలుకలకు మనము కలుపు యెరలు ముఖ్యముగా రెండు. ఒకటి జింకు ఫాస్ఫైడు, మఱియొకటి బ్రోమోడయోలోను. రెండింటికిని పాళ్ళు ఒక్కటియే: నూకలు 96 పాళ్ళు, నూనె 2 పాళ్ళు, మందు 2 పాళ్ళు. పది గ్రాముల చొప్పున కాగితపు పొట్లములు కట్టి కలుగులలో పెట్టిన పిదప ఏది ఏదో పెట్టినవాడు తప్ప మఱియొకరు చెప్పజాలరు. నూనె పట్టిన నూకల వాసన యెలుకకు ఎంత ఇంపో కుక్కకును అంత ఇంపే. కాని కడుపులో పడిన పిమ్మట ఈ రెండు మందులు చేయు పనికి నక్కకును నాగలోకమునకును ఉన్నంత దూరమున్నది. ఒకటి గంటలలో చంపును. రెండవది దినములపాటు ఏమియు ఎఱుగనట్లుండి పిదప చంపును. ఒకదానికి విఱుగుడు లేదు. రెండవదానికి తిరుగులేని విఱుగుడు కలదు. ఇంత భేదమున్నప్పుడు పొట్లము ఏదో తెలియకుండుట ఎంత ప్రమాదమో సభ్యులే ఊహించుకొనవచ్చును.

జింకు ఫాస్ఫైడు బూడిదరంగు కలిసిన నల్లని పొడి. దానికి వెల్లుల్లివంటి, లేదా కార్బైడువంటి వాసన యుండును. ఈ పొడి తనంతట తాను చంపదు. కడుపులోని పులుపుతో కలిసి ఫాస్ఫీను అను వాయువుగా మారును, ఆ వాయువే గుండెను, ఊపిరితిత్తులను, కాలేయమును చెఱచును. యెలుకకు వాంతి చేసికొను శక్తి లేదు, కావున తప్పించుకొనలేదు. కుక్క కక్కగలదు, కక్కిన కుక్కలు కొన్ని ఆ కారణముచేతనే బ్రదుకుచున్నవి. పది కిలోల తూకముగల పల్లెకుక్కను చంపుటకు రెండు మూడు పొట్లములు చాలును. తిన్న కాలుగంటనుండి నాలుగుగంటలలోపల వాంతులు, ఎగశ్వాస, కడుపునొప్పి, ఈడ్పులు కనబడును. అరుదుగా మఱి కొంత ఆలస్యమును కావచ్చును.

ఇచ్చటనే మన చింతపండు పులుసును, మజ్జిగయు పెద్ద పొరపాటులగుచున్నవి. వాయువును పుట్టించునది పులుపని పైని చెప్పితిమి. రెండును పుల్లనివే. నిమ్మరసమును అంతే. అన్నము పెట్టినను, పాలు పోసినను కడుపు తిండిని అరిగించుటకై మఱింత పులుపు నూరించును, వాయువు మఱింత పుట్టును. జింకు ఫాస్ఫైడు తిన్న కుక్కకు వైద్యుడు చెప్పువఱకు ముద్దయైనను పెట్టరాదు. పులుపును విఱుచు మందులతో కడుపు కడుగుట, ఈడ్పులకు మందిచ్చుట, నరములోనికి సెలైను ఎక్కించుట వైద్యుని పని. మన పని దానిని త్వరగా ఆయనయొద్దకు చేర్చుటయే.

మఱియొక హెచ్చరిక మనుష్యులకు సంబంధించినది. ఆ కుక్క కక్కిన దానినుండియు ఫాస్ఫీను వెలువడును. మూసిన గదిలోగాని, కిటికీలు బిగించిన బండిలోగాని దానిని పెట్టుకొని కూర్చుండరాదు. వాంతి ఆరుబయట కావలెను. మనము గాలి వచ్చు దిక్కున నిలువవలెను. పిల్లలను దూరముగా పంపవలెను. వాసన తగిలినచోట తలనొప్పియు వికారమును కలిగినవారు ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలయును.

ఇక బ్రోమోడయోలోను కథ వేఱు. అది రైతుల కొట్టములలోనే మొదలైన కథ గనుక కొంచెము విపులముగా చెప్పుదుము. 1920వ సంవత్సరము తరువాత కెనడాలోను, అమెరికా ఉత్తర రాష్ట్రములలోను పశువులకు ఒక వింత జబ్బు వచ్చెను. కొమ్ములు కోసినను, విత్తులు కొట్టినను రక్తము కట్టక పశువు చచ్చెడిది. కొన్ని ఏ గాయమును లేకయే లోలోపల రక్తము కాఱి కూలెడివి. తీపిక్లోవరు అను పశుగ్రాసము తడిసి బూజుపట్టగా దానిని మేసినవే ఇట్లు చచ్చుచున్నవని కెనడా పశువైద్యుడు షోఫీల్డు కనిపెట్టెను. 1933లో విస్కాన్సిన్ రాష్ట్రములోని ఒక రైతు మంచుతుపానులో బండి తోలుకొని విశ్వవిద్యాలయమునకు వచ్చి, చచ్చిన పెయ్యను, గడ్డకట్టని రక్తముతో నిండిన పాలక్యానును, చెడిన గడ్డిని కార్ల్ పాల్ లింక్ అను రసాయన శాస్త్రజ్ఞుని ముందుంచెను. ఆ గడ్డిలోని విషమును 1939లో ఆయన శిష్యులు వేఱుచేసిరి. దాని మార్గమున పుట్టిన వార్ఫరిన్ 1948లో యెలుకల మందుగా అంగడికి వచ్చెను. మన బ్రోమోడయోలోను ఆ వంశములోని తరువాతి తరపు మందు. ముందుదానికంటె బలమైనది, దేహములో ఎక్కువ కాలము నిలుచునది.

దీని విఱుగుడును ఒక పశుశాలలోని సంగతియే. కొవ్వు లేని మేతపై పెంచిన కోడిపిల్లలకు రక్తము కాఱుటను డెన్మార్కు శాస్త్రజ్ఞుడు హెన్రిక్ డామ్ గమనించి, రక్తము గడ్డకట్టుటకు వలయు పోషకమొకటి కలదని తేల్చెను. అదియే విటమిను కె. ఇందుకు 1943వ సంవత్సరపు నోబెల్ బహుమానములో ఆయనకు భాగము లభించెను. బ్రోమోడయోలోను చేయు పనియెల్ల కాలేయములో ఈ విటమినును పనికిరాకుండ చేయుటయే. రక్తములో అంతకుముందే యున్న గడ్డకట్టు పదార్థములు రెండుమూడు దినములు పనిచేయును గనుక, మందు తిన్ననాడు కుక్క ఎప్పటివలెనే మొఱుగుచు తిరుగును. మూడవనాడో అయిదవనాడో చిగుళ్ళు తెల్లబడును, నీరసించును, మలము నల్లబడును, ముక్కునుండి రక్తము కాఱును. రొమ్ములో రక్తము చేరిన దగ్గును ఆయాసమును వచ్చును. కీళ్ళలో చేరిన కుంటును. కుంటుచున్న కుక్కను చూచి ఎవరో రాయి వేసిరనుకొందురే గాని, నాలుగునాళ్ళ క్రిందటి పొట్లము జ్ఞప్తికి రాదు. చచ్చిన యెలుకలను తిన్న కుక్కకు, పిల్లికి, గ్రద్దకు, గుడ్లగూబకు గూడ ఈ విషము సోకగలదు. యెలుక కాలేయములో అది నిలిచియుండును.

కావున బ్రోమోడయోలోను తిన్నట్లు కంటబడినచో, కుక్క హాయిగా ఉన్నదని ఊరకుండరాదు. మొదటి గంట రెండు గంటలలో వైద్యుడు వాంతి చేయించి బొగ్గుమందు పోసినచో చాలభాగము బయటపడును. విటమిను కె అనునది పలువిధములు; ఇచ్చట పనికివచ్చునది కె1 మాత్రమే. కె3 అను అగ్గువ రకము ఈ విషమునకు పనిచేయదు. పల్లె పశువైద్యశాలలో కె1 దొరకనియెడల పట్టణములోని మనుష్యుల మందులషాపులలో అడుగవలెను.

మూడవ జాతి పురుగుమందులు. పందులకై మాంసపు ముక్కలలో గుళికలు పెట్టు దురాచారము కొన్నిచోట్ల కలదు. ఫోరేటు గుళికల వాడకమును 2020 డిసెంబరు 31వ తేదీనుండి ప్రభుత్వము నిషేధించినది. అయినను పాతడబ్బాలు అటకలపై ఇంకను ఉన్నచో ఆశ్చర్యము లేదు. ఎరలో పెట్టకున్నను, పిచికారీ డబ్బా కడిగిన గుంటనీటిని త్రాగి కుక్కలు విషము పాలగుట కలదు. ఈ మందుల గుర్తులు స్పష్టములు: చొల్లు ధారగా కాఱును, కన్నీరు కాఱును, ఒంటికి రెంటికి ఆగదు, కంటిపాప సూదిమొనవలె చిన్నదగును, కండలు అదరును, పిదప ఈడ్పులు వచ్చి శ్వాస నిలుచును. నిమిషములలోనే ఇది జరుగవచ్చును. అట్రోపిను ఇంజెక్షను దీనికి ప్రాణదాత. దానితోపాటు ప్రాలిడాక్సిము అను మందును వైద్యులు వాడుదురు. ఒంటిపై మందు పడియున్నచో సబ్బునీళ్ళతో కడుగవలెను. కడుగువారు చేతులకు రబ్బరు తొడుగులు వేసికొనవలెను, ఏలయన ఆ మందు మన చర్మమునుండియు లోనికి పోవును.

చొల్లు కాఱుచు తూలుచున్న కుక్కను పిచ్చికుక్కయని కొట్టి చంపువారు కలరు; నిజముగా పిచ్చియెత్తిన కుక్కను విషము తిన్నదనుకొని నోట వ్రేలుపెట్టువారును కలరు. రెండును కూడవు. సంగతి తెలియనియెడల నోట చేయి పెట్టక, దుప్పటి కప్పి, బుట్టలోనో గోనెసంచిపైననో ఎత్తి తీసికొనిపోవలయును. పన్ను తగిలినచో పుండును సబ్బుతో పాఱు నీటిక్రింద పావుగంట కడిగి, నాడే ఆసుపత్రిలో టీకా ప్రారంభింపవలెను.

ఆముదపు చెక్కను గూర్చి ఒకమాట. పెఱటి చెట్లకు ఎరువుగా వేసిన చెక్కను కుక్కలు త్రవ్వి తినును. సరిగా వేడిచేయని చెక్కలో రైసిను అను విషము మిగిలియుండును (ఆముదములో ఇది యుండదు, చెక్కలోనే యుండును). ఆఱుగంటలనుండి ఒక దినములోపల వాంతులు, నెత్తురు విరేచనములు మొదలగును. దీనికి విఱుగుడు మందు లేదు. పోయిన నీటిని సెలైనుతో నింపుచు పేగులను కాపాడుటయే చికిత్స. ఎముకపొడితో కలిపి వేసినచో కుక్క మఱింత ఆశపడును గనుక, లోతుగా పూడ్చవలెను.

ఇప్పుడు తిరిగి మన విఱుగుళ్ళకు వత్తము. ఉప్పు నోటిలో క్రుక్కిన కుక్క కక్కనూవచ్చును, కక్కకపోవనూవచ్చును. కక్కనిచో ఆ ఉప్పు రక్తములో చేరి మెదడు చెడి చావవచ్చును. వెదురుగొట్టముతో ఎద్దుకు మందు పోసినట్లు కుక్క మూతి పైకెత్తి నూనెయో, నీళ్ళో పోసినచో అది గొంతున దిగక ఊపిరితిత్తులలోనికి పోవును. విషమునుండి బ్రదికినను న్యుమోనియాతో పోవును. స్మారకము తప్పినదానికి, ఈడ్పులు వచ్చుచున్నదానికి నోట ఏదియు పోయరాదు. కిరసనాయిలు, యాసిడ్డు, కాస్టిక్ సోడా త్రాగినదానిని, సూదివంటి వాడియైనవి మ్రింగినదానిని కక్కించనేకూడదు. దిగునప్పుడు కాల్చినది ఎక్కునప్పుడును కాల్చును. మనము వేసికొను తలనొప్పి బిళ్ళలు కుక్కకు వేఱొక విషము.

చేయదగినవి కొలదియే. పొట్లమునో, డబ్బానో, దాని చీటీనో, కక్కినదానిలో కొంత మూతగల సీసాలోనో వెంట తీసికొనిపోవలెను. తిన్న వేళ, తిన్న పరిమాణము, కుక్క తూకము అంచనాగా జ్ఞాపకముంచుకొనవలెను. పశువుల సంచార వైద్యమునకై ప్రభుత్వము 1962 అను ఫోను సంఖ్య ఏర్పాటు చేసియున్నది. దగ్గరి వైద్యశాల తెఱచియున్నదో లేదో బయలుదేరుటకు ముందే ఫోనుచేసి కనుగొనుట మేలు. పొట్లము చూపినచో వైద్యునకు సగము పని తీఱును.

కుక్క బ్రదికి ఇంటికి వచ్చినది. ఇక మన పని మొదలగును.

మొదటి దినమున చల్లని నీడ, గాలియాడు తావు, మెత్తని గోనె కావలెను. పిల్లలు చుట్టుచేరి పిలువకూడదు. వాంతులు నిలిచిన పిదప కొలదికొలదిగా నీళ్ళు పెట్టవలెను. ఒకేసారి గిన్నెడు పెట్టిన మరల కక్కును. అది నిలుపుకొనినచో, వైద్యుని అనుమతిపై, మెత్తగా ఉడికిన అన్నమును, తోలును కొవ్వును తీసి ఉప్పుకారము లేకుండ ఉడికించిన కోడిమాంసమును కలిపి గుప్పెడు గుప్పెడుగా దినమునకు నాలుగైదు మారులు పెట్టవలెను. రెండుమూడు దినములు ఇట్లు గడచినపిదప మెల్లగా పాత తిండికి మార్పవలెను. ఎముకలు, నూనెకూరలు, విందులో మిగిలిన మసాలాలు కొంతకాలము దగ్గరికి రానీయరాదు.

దినమునకు రెండు మారులు పై పెదవి నెత్తి చిగురును చూచుట నేర్చుకొనవలెను. ఆరోగ్యమున చిగురు లేత గులాబిరంగుగా తడిగా ఉండును. వ్రేలితో నొక్కి విడిచినచో తెల్లబడినచోట రెండు సెకండ్లలో రంగు తిరిగిరావలెను. పాలిపోయినను, పసుపుపచ్చనైనను, నీలివన్నె తిరిగినను, అరగంట ఆలస్యము చేయక వైద్యుని యొద్దకు మరల పోవలెను. (చిగురు పుట్టుకతోనే నల్లనైన కుక్కలు కలవు; వానికి క్రింది కంటిరెప్ప లోతట్టును చూడవలెను.) మూత్రము పోయుచున్నదా, దాని రంగేమి, మలము నల్లగా తారువలె ఉన్నదా అనునవి ఇంటిలో ఒకరు బాధ్యత వహించి కనిపెట్టవలెను. పదిమందికి అప్పగించిన పని ఎవ్వరును చేయరు.

జింకు ఫాస్ఫైడు తిని రెండు దినములు దాటిన కుక్కపై ఆశ పెట్టుకొనవచ్చును. కాని ఆ వాయువు కాలేయమునకు, మూత్రపిండములకు చేసిన హాని కొన్నినాళ్ళ తరువాత గాని బయటపడకపోవచ్చును. తిండి సహింపకపోవుట, కన్ను పచ్చబడుట, మూత్రము తగ్గుట దాని జాడలు. వారమునాటికి ఒకమారు రక్తపరీక్ష చేయించుట మంచిది. పురుగుమందు విషయములోను, మొదటి గండము గడచిన పిదప ఒకటినుండి నాలుగు దినములలో మెడయు కాళ్ళును సత్తువతప్పి మరల శ్వాస కష్టమగుట యుండవచ్చును. అట్రోపిను పనిచేయునప్పుడు నోరు ఆఱుట సహజము, అందుకు భయపడనక్కఱలేదు. మెడ నిలువలేకున్నచో మాత్రము భయపడవలసినదే. ఆ నాలుగు దినములు రాత్రి ఒకరు మేలుకొనియుండవలెను.

బ్రోమోడయోలోనుకు ఓర్పు అన్నిటికంటె ఎక్కువ కావలెను. కె1 బిళ్ళలు మూడు నాలుగు వారములు విడువక వేయవలెను, ఏలయన విషము అంతకాలము కాలేయములో దాగియుండును. మొదటి వారములోనే కుక్క గంతులు వేయును. బిళ్ళల ఖర్చును తలచుకొని మానుటకు మనస్సగును. మానిన కొలదిదినములకే నెత్తురు తిరిగి కాఱును. బిళ్ళను కొంచెము కొవ్వుగల తిండితో పెట్టినచో బాగుగా ఒంటబట్టును. ఈ ఒక్కచోట వెన్నముద్ద పనికివచ్చును. ఆ వారములన్నియు కుక్కను కట్టివేయవలెను, మెడకు ఒరయు గొలుసుతో గాక వెడల్పైన పట్టీతో. తోటికుక్కలతో కలియబడనీయరాదు, వేటకు తోలుకొనిపోరాదు. కండలో ఇంజెక్షను పొడిచినచో అచ్చటనే నెత్తురు చేరవచ్చును గనుక, వేఱొక ఊరి వైద్యుని యొద్దకు పోవలసివచ్చిన విషము సంగతి ముందే చెప్పవలెను.

సంఘముల విషయమై ఒక సూచన. యెలుకలను ఒక్కడు తన గట్టునే చంపి లాభము లేదు, ఆయకట్టంతయు ఒక్కనాడే మందు పెట్టవలెను. ఇది సభ్యులు ఎఱిగినదే. అట్లు పెట్టుటకు ముందునాటి సాయంకాలము దండోరా వేయించి, ఏ మందు పెట్టుచున్నారో పేరుతో చెప్పించి, కుక్కలను కట్టివేయుమనవలెను. మందు పేరు, పెట్టిన తేదీ సంఘపు గోడపై బొగ్గుతోనైనను వ్రాసియుంచినచో, అర్ధరాత్రి పరుగెత్తి వచ్చినవాడు చదువుకొని పోవును. మరునాటి ఉదయమున తినక మిగిలిన పొట్లములను, చచ్చిన యెలుకలను ఏరి లోతుగా పాతిపెట్టవలెను. ఈ ఏరుపనికి కూలి సంఘము చెల్లించుట ఒక కుక్క చికిత్సకంటె చౌక.

బ్రోమోడయోలోను తిన్న కుక్కకు చివరి బిళ్ళ వేసిన పిదప నలుబదియెనిమిది గంటలాగి, రక్తము గడ్డకట్టు కాలమును పరీక్ష చేయింపవలెను. అంతకుముందు చేయించినచో మందు బలము చూపునే గాని కుక్క బలము చూపదు. కాలము ఎక్కువగా ఉన్నయెడల బిళ్ళలు మరల కొన్ని వారములు; సరిగా ఉన్నయెడల పట్టీ విప్పి పొలమునకు తోలుకొనిపోవచ్చును.